ఆ ఎర్ర ప్లస్ గుర్తు డాక్టర్లది కాదు

హోస్ట్: అందరికీ నమస్కారం. జెండాలు, చిహ్నాలు, ప్రపంచమంతా చదవగలిగే గుర్తుల మీద చేస్తున్న ఎపిసోడ్లలో ఈసారి ఒక్కటే గుర్తు తీసుకున్నాం, తెల్లటి నేల మీద ఎర్ర ప్లస్. ఏ ఊళ్లో హాస్పిటళ్ల వీధికి వెళ్లినా క్లినిక్ బోర్డు మీద, డాక్టరు గారి కారు అద్దం మీద, స్కానింగ్ సెంటర్ గోడ మీద అదే కనిపిస్తుంది. ఈ రోజు మనతో ఉన్న అక్క గుంటూరులో కాలేజీ పిల్లలకి ప్రథమ చికిత్స నేర్పుతారు, రెడ్ క్రాస్ వాలంటీరు. అక్కా, ఆ గుర్తు అసలు డాక్టర్లదే కాదని ఫోన్లో అన్నారు. అక్కడి నుంచే మొదలుపెడదామా?

అక్క: కాదు తమ్ముడూ. డాక్టర్లదీ కాదు, మందుల షాపులదీ కాదు. యుద్ధం జరుగుతున్న చోట తుపాకీ పట్టుకున్నవాడికి దూరం నుంచి కనబడి "వీళ్ల మీద కాల్చకూడదు" అని చెప్పడం దాని పని. గాయపడినవాళ్లని మోసుకెళ్లేవాళ్లకి, సైన్యం వెంట ఉండే వైద్య సిబ్బందికి అదొక్కటే కవచం. నిజానికి అది గుడ్డ మీద వేసిన రంగు, అంతే కదా. గుండు తగిలితే ఆపలేదు. ఎదుటివాడు దాన్ని నమ్మితేనే అది పనిచేస్తుంది.

హోస్ట్: ఎలా మొదలైంది ఇది?

అక్క: 1859 జూన్ 24న ఇటలీ ఉత్తరాన సోల్ఫెరినో దగ్గర ఫ్రాన్స్, సార్డీనియా సైన్యాలు ఒకవైపు, ఆస్ట్రియా సైన్యం ఒకవైపు పోరాడాయి. ఒక్క రోజు యుద్ధం, వేల మంది దెబ్బలు తిని ఎక్కడివాళ్లక్కడే పడిపోయారు. తన వ్యాపారం పని మీద అటు వెళ్లిన స్విట్జర్లాండ్‌లోని జెనీవా మనిషి హెన్రీ డ్యూనాంట్ అది చూసి, దగ్గర్లోని ఊరి ఆడవాళ్లని పోగుచేసి, ఏ దేశపు సైనికుడన్నది చూడకుండా అందరికీ నీళ్లు పట్టించాడు, కట్లు కట్టించాడు. 1862లో దాని మీద పుస్తకం రాశాడు. 1863లో జెనీవాలో సమావేశం పెట్టారు, 1864 ఆగస్టు 22న 12 దేశాలు, యుద్ధంలో గాయపడిన సైనికుల్ని కాపాడాలనే మొదటి జెనీవా ఒప్పందం మీద సంతకం చేశాయి. అప్పటిదాకా ఒక్కో సైన్యం ఆసుపత్రి డేరా మీద ఒక్కో రంగు జెండా ఎగరేసేది, ఆస్ట్రియా వాళ్లది తెలుపు, ఫ్రెంచి వాళ్లది ఎరుపు. అవతలి సైనికుడికి ఆ జెండా అర్థమేంటో తెలియదు, తెలియక కాల్చేస్తాడు. అందుకే అందరికీ ఒకటే గుర్తు కావాలన్నారు.

హోస్ట్: అది ప్లస్సే ఎందుకైంది?

అక్క: స్విట్జర్లాండ్ జెండా చూశావా? ఎర్ర నేల మీద తెల్ల శిలువ. ఆ రంగులు తిరగేస్తే ఇదే. స్విట్జర్లాండ్ గౌరవార్థమే అలా తీసుకున్నామని 1906 నాటి ఒప్పందంలో రాసుకున్నారు కూడా. నాకు ఈ గుర్తు కథలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇదే, ఒక దేశపు జాతీయ చిహ్నాన్ని తిప్పి అన్ని దేశాలదీ చేశారు, తిప్పినవాళ్లకి అందులో మతం కనబడలేదు, కానీ చూసేవాళ్లందరూ అలా చూడలేదు. 1876లో రష్యాతో గొడవ ముదురుతున్న రోజుల్లో ఒట్టోమన్ ప్రభుత్వం, అంటే అప్పటి టర్కీ, మా ముస్లిం సైనికులకి శిలువ ఇబ్బందిగా ఉంది, మేము ఎర్ర నెలవంక వాడతామని చెప్పేసింది.

హోస్ట్: మన వాళ్లకి మాత్రం అది శిలువలా అనిపించదు కదా అక్కా. లెక్కల పుస్తకంలో కూడిక గుర్తులాగే చూస్తాం.

అక్క: అవును, మన దగ్గర గుడి పక్కన ఉన్న క్లినిక్ మీదా, మసీదు పక్కన ఉన్న క్లినిక్ మీదా అదే ఉంటుంది, ఎవరికీ పట్టింపు లేదు. శిలువ పేరుతో క్రైస్తవులు, ముస్లింలు పోరాడిన పాత యుద్ధాల జ్ఞాపకం ఉన్న చోట అలా ఉండదు. ఒకే గీత, చూసేవాడి చరిత్రని బట్టి అర్థం మారిపోతుంది. చివరికి 1929లో నెలవంకని ఒప్పుకున్నారు, దాంతోపాటు పర్షియా, అంటే ఇప్పటి ఇరాన్ వాళ్ల ఎర్ర సింహం, సూర్యుణ్ణీ. ఇక మాకూ కావాలి, మాకూ కావాలి అని రకరకాల కాలాల్లో రకరకాల దేశాలు అడిగాయి. సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్ వాళ్లు ఎర్ర జ్వాల అన్నారు, సిలోన్, అంటే శ్రీలంక వాళ్లు ఎర్ర స్వస్తిక్ అన్నారు, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశం నుంచి ఎర్ర చక్రం ఆలోచన కూడా వచ్చింది.

హోస్ట్: చక్రమా! అదే అయ్యుంటే ఎంత బాగుండేది.

అక్క: నేను మాత్రం కాకపోవడమే మంచిదంటాను. చక్రం మన జెండాలో ఉంది, మన నాణేల మీద సింహాల కింద ఉంది, అది మనల్ని మనం చెప్పుకోవడానికి. ఇది మనల్ని చెప్పుకునే గుర్తు కాదురా, శత్రువుకి చూపించే గుర్తు. బురదలో, పొగలో, భయంతో ఉన్న కుర్రాడు అరక్షణంలో గుర్తుపట్టాలి. వాడు ఎన్ని బొమ్మలని గుర్తుపెట్టుకుంటాడు? జాతీయ చిహ్నం ఎంత ప్రత్యేకంగా ఉంటే అంత గొప్ప, ఇలాంటి గుర్తు ఎవరిదీ కాకుండా ఉంటేనే గొప్ప.

హోస్ట్: మరి అలా ఎవరిదీ కానిది ఉందా?

అక్క: 2005 డిసెంబరులో చేశారు. ఎర్ర స్ఫటికం అంటారు, రెడ్ క్రిస్టల్. తెల్ల నేల మీద చతురస్రాన్ని ఒక మూల మీద నిలబెట్టి, మందంగా ఎర్ర అంచు మాత్రం గీసి, లోపల ఖాళీగా వదిలేశారు. ఏ మతమూ లేదు, ఏ దేశమూ లేదు. ఇజ్రాయెల్ సహాయ సంస్థ తమ యూదుల ఎర్ర నక్షత్రాన్నే వాడతామని పట్టుబట్టి దశాబ్దాల పాటు అంతర్జాతీయ రెడ్ క్రాస్ కూటమికి బయటే ఉండిపోయింది, ఇప్పుడు విదేశాల్లో పనిచేసేటప్పుడు ఆ ఖాళీలో తమ నక్షత్రం పెట్టుకోవచ్చు. 2006లో వాళ్లూ వచ్చి చేరారు. ఇరాన్ అయితే 1980లోనే సింహం, సూర్యుణ్ణి పక్కనపెట్టి నెలవంకకి మారిపోయింది. కానీ చెప్పు, ఆ స్ఫటికం చూస్తే నీకేమైనా తడుతుందా?

హోస్ట్: నిజం చెప్పాలంటే ఏమీ తట్టదు.

అక్క: అదే బాధ. అర్థం గీతలో ఉండదు, వాడకంలో పేరుకుంటుంది, దానికి ఏళ్లు పడుతుంది. చెడగొట్టడానికి మాత్రం ఒక్క రోజు చాలు. 2008 జులైలో కొలంబియా సైన్యం తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న బందీలని విడిపించడానికి సహాయ సంస్థ వాళ్లలా వేషం వేసుకుని వెళ్లింది. అందులో ఒకతను రెడ్ క్రాస్ గుర్తు వేసుకున్నాడు. బందీలు క్షేమంగా వచ్చారు, దేశమంతా పండగ చేసుకుంది. అయినా ఆ గుర్తు వాడినందుకు అధ్యక్షుడే క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఎందుకంటే రేపు నిజమైన రెడ్ క్రాస్ మనిషి అడవిలోకి వెళ్తే, వీడు వేషగాడేమో అనుకుని కాల్చేస్తారు.

హోస్ట్: కానీ అక్కా, అది యుద్ధం. మా బావది తెనాలిలో మెడికల్ షాపు, బోర్డు మీద పెద్ద ఎర్ర ప్లస్, రాత్రిపూట వెలుగుతుంది. దానివల్ల ఎవరికి నష్టం?

అక్క: చట్ట ప్రకారం చూస్తే అది నేరమే. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం మన దేశంలో ఉంది, అనుమతి లేకుండా ఆ గుర్తు వాడితే 500 రూపాయల వరకు జరిమానా, గుర్తు వేసిన సరుకుని జప్తు కూడా చేయొచ్చు. 500కి ఎవరు భయపడతారు, నేనూ భయపెట్టడానికి చెప్పడం లేదు. పిల్లాడు చిన్నప్పటి నుంచి ఆ గుర్తుని మందుల షాపు మీద, దగ్గు మందు ప్రకటనలో, ట్రాఫిక్‌లో దారి ఇమ్మని హారన్ కొట్టే కారు మీద చూస్తూ పెరిగితే, వాడి మనసులో అదొక షాపు బోర్డు అయిపోతుంది. రేపు సైన్యంలో చేరేదీ ఆ పిల్లాడే కదా. మేము క్లాసులో అడిగితే దాదాపు అందరూ "హాస్పిటల్ గుర్తు" అనే అంటారు. నాకు అది విన్నప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది, ఆ గుడ్డముక్కని నమ్ముకుని బాంబులు పడే చోటికి వెళ్లేవాళ్లు ఈ రోజుకీ ఉన్నారు.

హోస్ట్: అంబులెన్సుల సంగతేంటి?

అక్క: రోగి దగ్గర పైసా తీసుకోకుండా నడిపే అంబులెన్స్ అయితే, రెడ్ క్రాస్ సొసైటీ అనుమతితో శాంతి కాలంలో పెట్టుకోవచ్చు, ఆ వెసులుబాటు ఒప్పందంలోనే ఉంది. మిగతావాళ్లకి ఆరు రెక్కల నీలం నక్షత్రం ఉంది, మధ్యలో కర్రకి చుట్టుకున్న పాము. 1970లలో అమెరికాలో అంబులెన్సుల మీద ప్లస్ వేస్తుంటే అక్కడి రెడ్ క్రాస్ వాళ్లు అభ్యంతరం చెప్పారు, దాంతో ఇది పుట్టింది. మన ఊళ్లలో పుట్టలో పాలు పోసేవాళ్లకి పాముని వైద్యానికి గుర్తుగా ఒప్పుకోవడం పెద్ద కష్టమేం కాదులే.

హోస్ట్: ఇంతకీ మా బావకి ఏం చెప్పమంటారు?

అక్క: ప్లస్ తీసేయక్కర్లేదు, ఎరుపు తీసేయమను. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్‌లలో మందుల షాపుల మీద వెలిగేది ఆకుపచ్చ ప్లస్సే. ప్రథమ చికిత్స పెట్టెకి అంతర్జాతీయ ప్రమాణం కూడా ఆకుపచ్చ మీద తెల్ల ప్లస్. స్కూళ్లు, ఫ్యాక్టరీల వాళ్లెవరైనా వింటుంటే పెట్టె మీద స్టిక్కర్ ఒక్కటి మార్చండి చాలు. డాక్టరు గారూ, మీ కారు మీదిది కూడా.

హోస్ట్: అసలు ఆ స్టిక్కర్లు కోసిచ్చే రేడియం షాపుల వాళ్లకి చెప్పాలేమో ముందు.

అక్క: వాళ్లకే చెప్పాలి! అడిగినవాళ్లకి ఎర్ర షీటు బదులు ఆకుపచ్చ షీటు తీసి చూపిస్తే చాలు, కటింగ్ ఒకటే కదా.