మా తేనెటీగలు లేచిపోయాయి | నార్త్ కరోలినా తెలుగు వ్లాగ్

అందరికీ నమస్తే. అనకాపల్లి నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "తేనె తీశావా లేదా" అని అడుగుతోంది. పెద్దమ్మా, ఈ ఏడాది తేనె లేదు. ఎందుకు లేదో చూపిస్తాను, రా.

కంచె పక్కన తెల్ల పెట్టె, అదే మాది. ఇక్కడ తేనెటీగల్ని తూకం లెక్కన కొనుక్కుంటారు, అవి పోస్టులో వస్తాయి! 3 పౌన్లు, అంటే కిలోన్నర లోపే, దాదాపు 10 వేల ఈగలు. జాలీ పెట్టెలో ఝుమ్మంటూ వస్తాయి, రాణి మాత్రం మధ్యలో చిన్న డబ్బాలో విడిగా ఉంటుంది. పొద్దున్నే పోస్టాఫీసు నుంచి ఫోన్, "మీ ఈగలొచ్చాయి, తొందరగా వచ్చి తీసుకెళ్ళండి" అని. మన డబ్బులో ఈగలకి 14 వేలు, పెట్టె, ముసుగు సూటు, పొగ డబ్బా అన్నీ కలిపి ఇంకో 35 వేలు. రాణి వీపు మీద నీలం చుక్క పెట్టి పంపారు. 2025 రాణులకి నీలం రంగన్నమాట.

మా కేరీ చుట్టుపక్కల ఏప్రిల్ మధ్యలో తులిప్ పాప్లర్ చెట్లు పూస్తాయి. జూన్ మొదటి వారానికల్లా పెద్ద పూత అయిపోతుంది. ఏడాదికి సరిపడా పంట ఆ కొద్ది వారాల్లోనే రావాలి. సరిగ్గా పూత మొదలవగానే మావి లేచిపోయాయి.

ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాను, పెరట్లోంచి హోరు వినిపించింది. వెళ్ళి చూస్తే పెట్టె గుమ్మంలోంచి ఈగలు ఒకదాని మీద ఒకటి దొర్లుకుంటూ బయటికి పడుతున్నాయి. కాసేపట్లో పక్కింటి పాప్లర్ చెట్టు మీద, ఏ నిచ్చెనా అందని కొమ్మకి గుత్తిగా పట్టేశాయి. ఇన్నేళ్ళుగా చేయి ఊపడమే తప్ప మాట్లాడని పక్కింటి పెద్దాయన వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఎదురింటివాళ్ళు పిల్లల్ని తీసుకొచ్చారు. ఆ రోజు మీటింగూ లేదు, వంటా లేదు. పెద్దాయనకి అల్లం టీ ఇస్తే రెండో కప్పు అడిగి తాగారు. ఈ వీధిలో నా వంటింట్లో కూర్చుని టీ తాగిన మొదటి మనిషి ఆయనే. చెప్తుంటే గొంతు పట్టేస్తోంది, సారీ.

మర్నాటికి కొమ్మ ఖాళీ.

వెళ్ళినవాటి బాధ ఒక ఎత్తు, మిగిలినవాటి టెన్షన్ ఇంకో ఎత్తు. పాత రాణి సగానికి పైగా ఈగల్ని తీసుకెళ్ళిపోయింది. ఇదిగో, ఫ్రేము (ఈగలు పట్టు కట్టే చట్రం) అడుగున వేరుసెనక్కాయల్లా వేలాడుతున్నవి కొత్త రాణుల గూళ్ళు. గుడ్డు పెట్టిన 16వ రోజుకి రాణి బయటికొస్తుంది. ఇంకో వారానికి, మంచి ఎండ చూసుకుని ఎగిరి, గాల్లోనే పది పదిహేను పోతుటీగలతో జతకట్టి, తిరిగి ఈ పెట్టెకే రావాలి. దారిలో పిట్ట నోట పడితే ఇక అంతే. మాకేమో ఆ వారమంతా ముసురు. ఈ సమయంలో పెట్టె తెరిచి కెలికితే రాణికే ప్రమాదం. లోపల ఉందో లేదో తెలియకుండా రోజూ గుమ్మం ముందు కూర్చుంటున్నాను. వాటి చప్పుడు కొంచెం మారినా రాత్రి నిద్ర పట్టదు.

కొత్త రాణి ఇవాళ గుడ్లు పెట్టినా కూలి ఈగ పుట్టడానికి 21 రోజులు, పూల మీదికి వెళ్ళడానికి ఇంకో రెండు మూడు వారాలు. అప్పటికి పూలేవీ? బాగా సాగితే పెట్టెకి 30, 40 పౌన్ల తేనె. సంతలో పౌను వెయ్యి రూపాయలు, మీరే లెక్క వేసుకోండి. లోపల ఉన్న కాస్త తేనె చలికాలానికి వాటికే కావాలి, నేను ముట్టుకోను.

4 వేలు పెట్టి రాణిని కొనేయమంటున్నారు కొందరు. లోపల ఇప్పటికే రాణి ఉంటే కొన్నదాన్ని చంపేస్తాయి. అందుకే తేనెటీగలు పెంచేవాళ్ళ క్లబ్బులో ఒకావిడ తన పెట్టెలోంచి గుడ్లున్న ఫ్రేము ఒకటి ఇస్తానన్నారు. దాని మీద నాలుగు రోజుల్లో రాణి గూళ్ళు కడితే మనకి రాణి లేనట్టు. కట్టకపోతే బహుశా ఉన్నట్టే. ఆ వీడియో పెడతాను.

కేరీ, మోరిస్‌విల్, అపెక్స్‌లో ఉన్న మనవాళ్ళూ, మీ చెట్టుకి ఇలాంటి గుత్తి కనిపిస్తే దయచేసి స్ప్రే కొట్టకండి. కాపాడుకోవడానికి గూడు లేదు కాబట్టి, కదిలించకపోతే అవి సాధారణంగా కుట్టవు. దగ్గర్లోని తేనెటీగల సంఘానికి ఫోన్ చేయండి, పెంచేవాళ్ళెవరైనా వచ్చి తీసుకెళ్తారు.