ఇంటికి కేర్‌టేకర్‌ని పంపే ఏజెన్సీని ఏం అడగాలి?

[స్క్రీన్ మీద: అడ్వాన్స్ పంపే ముందు ఈ వీడియో చూడండి]

నమస్తే అండీ. నాన్నగారిని హాస్పిటల్ నుంచి డిశ్చార్జ్ చేస్తూ డాక్టర్ "ఇంట్లో ఒక మనిషిని పెట్టుకోండి" అంటారు, ఆ సాయంత్రమే మనం ఫోన్‌లో వెతికి, ముందు దొరికిన ఏజెన్సీకి అడ్వాన్స్ పంపేస్తాం. పిల్లలు డాలస్‌లోనో బెంగళూరులోనో ఉంటే ఆ టెన్షన్ ఇంకా ఎక్కువ. అక్కడే కాస్త ఆగండి.

ఈ ఏజెన్సీల మీద కన్నేసి ఉంచే ప్రత్యేక కేంద్ర చట్టం ఏదీ లేదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల సంక్షేమం కోసం 2007లో వచ్చిన చట్టాన్ని సవరించడానికి 2019లో లోక్‌సభలో ఒక బిల్లు పెట్టారు. హోమ్ కేర్ సంస్థలు రిజిస్టర్ చేసుకోవాలనే మాట అందులో ఉంది, కానీ అది చట్టం కాలేదు. అందుకే ఆ తనిఖీ మనమే చేసుకోవాలి.

[స్క్రీన్ మీద: వచ్చేది నర్సా, కేర్‌టేకరా?]

మొదటి ప్రశ్న ఇదే. జీఎన్ఎం అంటే మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా కోర్సు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, చదువు అయ్యాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆ నంబర్ అడిగి తీసుకోండి. కేర్‌టేకర్ అంటే స్నానం చేయించడం, తినిపించడం, నడిపించడం, డైపర్ మార్చడం. ఈ పనులకు కూడా శిక్షణ కావాలి, ఓపిక అంతకంటే ఎక్కువ కావాలి, కానీ ముక్కులో పైపు వేయడం, యూరిన్ పైపు మార్చడం, నరంలోకి (ఐవీ) ఇంజెక్షన్ ఇవ్వడం ఆమె పని కాదు. "మా అమ్మాయి అన్నీ చేస్తుందండీ" అని ఏజెన్సీ అంటే నాకైతే అక్కడే అనుమానం వస్తుంది.

ఆధార్ కాపీ, పోలీస్ వెరిఫికేషన్ కాగితం, ఇంతకుముందు పనిచేసిన ఇంటివాళ్లతో ఒక్క ఫోన్ కాల్, ఇవన్నీ మనిషి గడప దాటకముందే అడగండి.

[స్క్రీన్ మీద: 24 గంటల డ్యూటీ]

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ విషయం. మంచం మీదే ఉన్న పేషెంట్‌ని మామూలుగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని చెప్తారు, లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. పైపుతో ఆహారం ఇచ్చేటప్పుడు తల వైపు ఎత్తుగా ఉంచి, ఇచ్చాక కూడా కాసేపు అలాగే ఉంచాలి, లేదంటే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఇప్పుడు చెప్పండి, పగలంతా చాకిరీ చేసిన ఒకే మనిషి రాత్రి కూడా రెండు గంటలకోసారి లేచి ఇదంతా ఎలా చేస్తుంది? నిద్ర లేని మనిషి చేతిలో మందు డోసు తప్పుతుంది, బాత్రూమ్‌లో పట్టు జారుతుంది. రాత్రి పని ఎక్కువగా ఉంటే పన్నెండు గంటల షిఫ్టులకు ఇద్దరిని పెట్టండి, కుదరకపోతే రాత్రి ఇంట్లోవాళ్లు వంతులు వేసుకోండి. ఆమెకు వేళకు తిండి, పడుకోవడానికి చోటు, వారానికో సెలవు ఉండాలి, మనం కట్టే డబ్బులో ఆమె చేతికి ఎంత వెళ్తుందో కూడా అడగండి. జీతం సరిగా అందకపోతే ఆమె నెల తిరక్కుండానే మానేస్తుంది, అప్పుడు కొత్త మనిషికి మళ్లీ మొదటి నుంచి అన్నీ చెప్పుకోవాలి.

ఇంట్లో ఒక నోట్‌బుక్ పెట్టండి. ఏ మందు ఎన్నింటికి ఇచ్చారు, బీపీ, షుగర్, ఎన్నిసార్లు తిప్పారు, అన్నీ అందులో రాయించండి. దూరంగా ఉన్నవాళ్లు రోజూ ఆ పేజీ ఫొటో తెప్పించుకోండి. వీడియో కాల్‌లో అమ్మ ముఖం మాత్రమే చూసి పెట్టేయకండి, మడమలు, నడుము కూడా చూపించమనండి. కేర్‌టేకర్ పక్కన లేనప్పుడు అమ్మతో విడిగా మాట్లాడండి. హాల్లో కెమెరా పెడితే ఆ సంగతి ఆమెకు ముందే చెప్పండి, ఆమె పడుకునే చోట మాత్రం వద్దు.

ఒప్పందం కాగితం మీదే ఉండాలి. చేయాల్సిన పనులు, మనిషి రాకపోతే ఎన్ని గంటల్లో వేరే మనిషిని పంపుతారు, మానేస్తే అడ్వాన్స్‌లో ఎంత తిరిగిస్తారు, అన్నీ రాయించుకోండి. డబ్బు దగ్గర మోసం జరిగితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. పెద్దవాళ్లను తిట్టినా, వేధించినా ఎల్డర్‌లైన్ 14567. కొట్టారని తెలిస్తే మాత్రం ఏజెన్సీ మేనేజర్‌తో మాట్లాడుతూ కూర్చోకండి, వెంటనే 112కి చేయండి, ఒంటి మీద దెబ్బలుంటే ఆ రోజే డాక్టర్‌కి చూపించి రాయించుకోండి.