ఐదో భాగహారంలో తేలిపోయిన లెక్క

ఈ నంబర్ చూడండి: 4294967297. మన పద్ధతిలో చదివితే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. 32 రెళ్లు వేసి గుణించి, ఒకటి కలిపితే వచ్చేది ఇదే.

1640 నాటి సంగతి. ఫ్రాన్స్‌లో తులూజ్ న్యాయస్థానంలో ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికితే లెక్కలు చేసుకునే ఫెర్మాకి ఒక వరస కనిపించింది. 3, 5, 17, 257, 65537. అంటే 2 పవర్ 1, 2, 4, 8, 16కి ఒక్కొక్కటి కలపడం. ఐదూ ప్రధాన సంఖ్యలే. ఇక ఈ వరసలో ఎంత దూరం వెళ్లినా ప్రధాన సంఖ్యలే వస్తాయని ఆయన నమ్మాడు. నిరూపణ మాత్రం దొరకలేదని ఒప్పుకున్నాడు. ఆరోది మన నంబరే.

1732లో స్విస్ గణిత శాస్త్రవేత్త ఆయిలర్ దీన్ని విరగ్గొట్టాడు: 641 × 6700417.

641 ఎలా దొరికింది? ఆ తర్వాత ఆయిలరే నిరూపించిన విషయం ఒకటుంది: ఈ నంబర్‌ని భాగించే ఏ ప్రధాన సంఖ్య అయినా 64తో భాగిస్తే శేషం 1 రావాలి. అలాంటివి 193, 257, 449, 577, 641. ఐదంటే ఐదే భాగహారాలు! పైగా ఈ షరతు ఫెర్మా సొంత సిద్ధాంతం నుంచే వస్తుంది. అదే సిద్ధాంతంతో ఆయన 2 పవర్ 37 మైనస్ 1కి 223 కారణాంకమని కనిపెట్టాడు కూడా. ఇంట్లో టార్చ్ పెట్టుకుని చీకట్లో తడుముకోవడమే ఇది.

అసలు భాగహారం చేయకుండానే 641 సరిపోతుందని చూపించొచ్చు. నాకు బాగా నచ్చేది ఇదే, కాస్త నెమ్మదిగా వెళ్దాం. 5 × 128 = 640. 641తో భాగిస్తే వచ్చే శేషాలు మాత్రమే చూసే లెక్కలో, 641కి ఒకటి తక్కువ కాబట్టి ఇది మైనస్ 1తో సమానం. నాలుగో పవర్ చేయండి: మైనస్ 1 కాస్తా 1 అయింది. ఇటువైపు 5 నాలుగో పవర్ 625, 128 అంటే ఏడు రెళ్లు కాబట్టి 625 × 2 పవర్ 28. ఇప్పుడు 625 అంటే 641లో 16 తక్కువ, కాబట్టి దాని బదులు మైనస్ 16 రాసేయొచ్చు. 16 అంటే నాలుగు రెళ్లు. ఆ 28తో కలిస్తే 32. అంటే మైనస్ 2 పవర్ 32కి శేషం 1. కాబట్టి 2 పవర్ 32కి మైనస్ 1. దానికి ఒకటి కలపండి, సున్నా!

ఫెర్మా వరసలో 65537 తర్వాత ఇంతవరకు ఒక్క ప్రధాన సంఖ్య కూడా దొరకలేదు.

మరి 6700417 ప్రధాన సంఖ్యేనా? దానికీ అదే 64 షరతు. దాని వర్గమూలం 2588 చిల్లర, కాబట్టి 2588 దాకా చూస్తే చాలు. దారిలో మన రామానుజన్ గారి 1729 కూడా తగులుతుంది, కానీ అది 7 × 13 × 19 కదా, పక్కన పెట్టేయండి. 193 నుంచి 577 దాకా ఉన్నవి ఇందాకే తేలిపోయాయి. మిగిలేవి 641, 769, 1153, 1217, 1409, 1601, 2113. ఏడు భాగహారాలు. క్యాలిక్యులేటర్ లేకుండా, కాగితం మీద చేయండి.