ఎవరితో కలిసి ఓడిపోదాం?

శ్రోతలందరికీ నమస్కారం.

కొత్తగా ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టినవాళ్లు రెండు మూడు వారాలు తిరక్కుండానే ఒక ప్రశ్న అడుగుతారు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటని కాదు, అది చూడగా చూడగా అదే అర్థమవుతుంది. వాళ్లు అడిగేది, "ఇంతకీ నేను ఏ జట్టుకి ఫ్యాన్ అవ్వాలి?" అని. అడగడమే ఆలస్యం, పాతకాపులంతా తలో పేరు చెబుతారు. ఒకరు రియల్ మాడ్రిడ్ అంటారు, ఒకరు లివర్‌పూల్ అంటారు, మరొకరు బార్సిలోనా తప్ప ఇంకేదీ ఆటే కాదంటారు. ఎవరి జట్టు వాళ్లకి ముద్దు. అడిగినవాళ్లకి మాత్రం ఏమీ తేలదు.

నేనివాళ ఏ జట్టు పేరూ సిఫార్సు చెయ్యను. ప్రశ్ననే కొంచెం మార్చి అడుగుతాను. మీరు ఎవరితో కలిసి ఓడిపోవడానికి సిద్ధంగా ఉన్నారు?

వినడానికి వింతగా ఉందేమో కానీ, లెక్క చూడండి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు ఆడతాయి. ఏటా లీగ్ టైటిల్ దక్కేది ఒక్క జట్టుకే. మిగతా 19 జట్ల అభిమానులకీ ఆ సంవత్సరం ఆ ట్రోఫీ లేనట్టే. పైగా ఆఖరి మూడు స్థానాల్లో ఉన్న జట్లు కింది డివిజన్‌కి పడిపోతాయి. అంటే ఫుట్‌బాల్ అభిమాని జీవితంలో ఎక్కువ భాగం గెలవకుండానే గడుస్తుంది. ఆ ఎక్కువ భాగం ఎవరి పక్కన కూర్చుని గడపాలనుకుంటున్నారో ముందే ఆలోచించుకుంటే మంచిది కదా.

చాలామంది ఒక ఆటగాడిని చూసి జట్టుని ఎంచుకుంటారు. అందులో తప్పేమీ లేదు. మెస్సీ ఆట చూసి బార్సిలోనాని ప్రేమించినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. అయితే 2021లో ఆయన పారిస్ వెళ్లాడు, 2023లో అమెరికాలో ఇంటర్ మయామీకి వెళ్లాడు. రొనాల్డో మాడ్రిడ్ నుంచి ట్యూరిన్‌కి, అక్కడి నుంచి మళ్లీ మాంచెస్టర్‌కి, ఆ తరవాత సౌదీ అరేబియాకి. ఆటగాడి వెంట వెళ్లడం కూడా ఒక అభిమానమే, దాని అందం దానికుంది. కానీ ఆ ఆటగాడు బూట్లు విప్పిన రోజున ఆ అభిమానం జ్ఞాపకంగా మిగులుతుంది. జట్టు మీద అభిమానం అలా కాదు. ఆటగాళ్లు మారతారు, కోచ్ మారతాడు, యజమాని మారతాడు, కొన్నిసార్లు స్టేడియమే మారిపోతుంది. అన్నీ మారిపోయాక కూడా "మా జట్టు" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. అలా అనేవాళ్లే లేకపోతే జట్టు ఎక్కడిది?

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. దీనికి ఒక కథ ఉంది. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిన కథలన్నిట్లోకీ నాకు ప్రాణమైన కథ ఇది. కాస్త తీరిగ్గా చెబుతాను.

వింబుల్డన్ అనగానే మనకి టెన్నిస్ గుర్తొస్తుంది. లండన్‌లో ఆ పేటకే ఒక ఫుట్‌బాల్ జట్టు కూడా ఉండేది. 1889లో పుట్టిన చిన్న జట్టు. చాలాకాలం చిన్నాచితకా లీగుల్లోనే ఆడింది. 1977లో గానీ అసలు సిసలు ఫుట్‌బాల్ లీగ్‌లోకి, అంటే వృత్తి జట్లు ఆడే పై డివిజన్లలోకి, రాలేదు. వచ్చాక మాత్రం తొమ్మిదేళ్లలో అడుగు డివిజన్ నుంచి పై డివిజన్‌కి ఎక్కేసింది. 1988లో ఎఫ్ఏ కప్ ఫైనల్. ఇంగ్లండ్‌లో చిన్నా పెద్దా జట్లన్నీ కలిసి ఆడే నాకౌట్ పోటీ అది. ఎదురుగా ఆ ఏటి లీగ్ చాంపియన్ లివర్‌పూల్. గెలుస్తారని ఎవరూ అనుకోలేదు. లారీ సాంచెజ్ తలతో ఒక గోల్ కొట్టాడు. తరవాత లివర్‌పూల్‌కి పెనాల్టీ దొరికింది. జాన్ ఆల్డ్రిడ్జ్ తన్నిన ఆ బంతిని గోల్‌కీపర్ డేవ్ బీసెంట్ ఎడమ పక్కకి దూకి నెట్టేశాడు. వెంబ్లీలో జరిగిన ఎఫ్ఏ కప్ ఫైనల్లో పెనాల్టీ ఆగడం అదే మొదటిసారి. వింబుల్డన్ 1-0తో కప్పు గెలిచింది.

ఇక్కడితో ఆపేస్తే ఇది మామూలు గెలుపు కథ. నాకు కావలసింది దీని తరవాతి భాగం.

ఆ జట్టు సొంత మైదానం పేరు ప్లౌ లేన్. పాతబడిపోయింది, కొత్త భద్రతా నిబంధనలకి సరిపోలేదు. 1991లో దాన్ని వదిలేసి మరో క్లబ్ మైదానంలో సర్దుకున్నారు. సర్దుబాటు తాత్కాలికమన్నారు, ఏళ్లు గడిచాయి. చివరికి యజమానులు క్లబ్‌ని ఎత్తుకెళ్లి మిల్టన్ కీన్స్‌లో పెడతామన్నారు. అది లండన్‌కి ఉత్తరాన, 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న వేరే ఊరు. అభిమానులు ఒప్పుకోలేదు. నిరసనలు చేశారు, ఊరేగింపులు తీశారు. నిర్ణయం ముగ్గురు సభ్యుల కమిషన్ చేతికి వెళ్లింది. 2002 మే 28న ఇద్దరు అవునన్నారు, ఒకరు కాదన్నారు. జట్టు తరలిపోవచ్చని తేలిపోయింది. అభిమానులు కొత్తగా సొంత క్లబ్ పెట్టుకోవడం గురించి కూడా కమిషన్ నివేదికలో ఒక మాట ఉంది. అది ఫుట్‌బాల్ విస్తృత ప్రయోజనాల దృష్ట్యా మంచిది కాదట.

ఇప్పుడు ఆ అభిమానుల స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. పేరు, ఆటగాళ్లు, లీగ్‌లో స్థానం అన్నీ ఒకవైపు ఉన్నాయి. రెండోవైపు ఏమీ లేదు. ఏ జట్టుకి ఫ్యాన్ అవ్వాలి అన్న ప్రశ్న అంత నిక్కచ్చిగా మరెవరికీ ఎదురై ఉండదు.

రెండు రోజుల్లో వాళ్లు సమావేశమయ్యారు. పోరాడి పోరాడి అలసిపోయాం, ఇక ఫుట్‌బాల్ చూడాలి అన్నది అక్కడ బలంగా వినిపించిన మాట. ఏమీ లేని వైపే ఎంచుకున్నారు. ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని కొత్త క్లబ్ పెట్టారు. క్లబ్ అయితే ఉంది, ఆడేవాళ్లేరీ? జూన్ నెలాఖరున వింబుల్డన్ కామన్ అనే బహిరంగ మైదానంలో సెలక్షన్ పెట్టి, ఆడగలం అనుకున్నవాళ్లెవరైనా రావచ్చన్నారు. సుమారు 230 మంది వచ్చారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 14 ఏళ్ల కిందట ఎఫ్ఏ కప్పు గెలిచిన పేరు కోసం, జనం నడిచే పచ్చిక బయల్లో, బూట్లు చేతబట్టుకుని వచ్చిన కుర్రాళ్లు.

జూలైలో మొదటి స్నేహపూర్వక మ్యాచ్, సటన్ యునైటెడ్ మీద. ఫలితం 4-0, ఓడిపోయారు. చూడటానికి వచ్చినవాళ్లు 4,657 మంది. ఆరు వారాల కిందట పుట్టిన జట్టు, నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోతుంటే చూడటానికి నాలుగున్నర వేలకి పైగా జనం. ఎవరితో కలిసి ఓడిపోవడానికి సిద్ధం అని నేనడిగిన ప్రశ్నకి ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు.

ఇంగ్లండ్ లీగుల నిచ్చెనలో వాళ్లకి దక్కిన చోటు పైనుంచి తొమ్మిదో అంచె, ఫుట్‌బాల్ లీగ్‌కి చాలా కింద. ఆ మొదటి సీజన్‌లో వాళ్ల మ్యాచ్‌లకి సగటున మూడు వేలకి పైగా వచ్చారు. పాత క్లబ్ ఆ ఏడాది ఇంకా లండన్‌లోనే, రెండో అంచెలో ఆడుతోంది. దానికి అంతమంది రాలేదు. పాత క్లబ్ తరవాత మిల్టన్ కీన్స్ వెళ్లి, పేరు మార్చుకుంది, రంగులు కూడా మార్చుకుంది.

కొత్త జట్టు మెల్లగా పుంజుకుంది. 2003 ఫిబ్రవరి నుంచి 2004 డిసెంబరు దాకా వరసగా 78 లీగ్ మ్యాచ్‌లు ఓడకుండా ఆడింది. తొమ్మిది సీజన్లలో అయిదుసార్లు పై అంచెకి ఎక్కింది. చివరి మెట్టు 2011 మేలో, మాంచెస్టర్‌లో, ల్యూటన్ టౌన్ మీద. 90 నిమిషాలు ఆడారు, గోల్ లేదు. ఎక్స్‌ట్రా టైమ్ ఆడారు, అప్పుడూ లేదు. ఇక పెనాల్టీలు. గోల్‌పోస్టు ముందు నిలబడ్డ సెబ్ బ్రౌన్ చిన్నప్పటి నుంచీ వింబుల్డన్ అభిమాని. రెండు పెనాల్టీలు ఆపాడు. గెలిపించే ఆఖరి పెనాల్టీ కెప్టెన్ డానీ కెడ్‌వెల్ వంతుకి వచ్చింది. ఆ టెన్షన్‌లో పరిగెత్తుకొచ్చి బలంగా తన్నాడు, వల కదిలింది. ఫుట్‌బాల్ ప్రయోజనాలకి మంచిది కాదనిపించుకున్న క్లబ్, తొమ్మిదేళ్లలో ఫుట్‌బాల్ లీగ్‌లో అడుగుపెట్టింది.

2020 నవంబరులో వాళ్లు ప్లౌ లేన్‌కి తిరిగొచ్చారు. పాత మైదానానికి కూతవేటు దూరంలో కొత్త స్టేడియం. డబ్బు చాలక నిర్మాణం ఆగే పరిస్థితి వస్తే అభిమానులే తమ పొదుపు సొమ్ము క్లబ్‌కి అప్పుగా ఇచ్చారు. మొదటి మ్యాచ్ డాంకాస్టర్ మీద 2-2. కోవిడ్ వల్ల ఆ రోజు స్టాండ్స్ ఖాళీ. ఇన్నేళ్లు ఎదురుచూసినవాళ్లు ఇళ్లలో కూర్చుని చూశారు. ఆ ఒక్క విషయం మాత్రం నాకు ఇప్పటికీ మనసుకి కష్టంగా ఉంటుంది.

సరే, అందరూ సొంతంగా క్లబ్బులు పెట్టలేరు. అందరూ స్టేడియం పక్కన పుట్టరు. వేల కిలోమీటర్ల దూరాన, వేళ కాని వేళ మేలుకుని మ్యాచ్ చూసేవాళ్లు అసలైన అభిమానులు కారు అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. దూరం అడ్డం కాదు. పెద్ద జట్టుని ఎంచుకోవడమూ తప్పు కాదు. మాంచెస్టర్ సిటీ 1998-99 సీజన్‌లో మూడో అంచెలో ఆడింది, అది చాలామందికి తెలియదు. అప్పుడు కూడా సొంత మైదానానికి సగటున 28 వేల మంది వచ్చారు. ఇవాళ ఆ జట్టు నీలం జెర్సీ తొడుక్కునే కుర్రాడు గెలిచే జట్టునే ఎంచుకున్నాడు, కాదనను. కానీ ఆ 28 వేల మంది గురించి అతను తెలుసుకుంటే, రేపు ఆ జట్టుకి చెడ్డకాలం వచ్చినప్పుడు తనకి తోడెవరో తెలుస్తుంది.

ఇక అసలు పనికొచ్చే మాట ఒకటి చెప్పి ముగిస్తాను.

మిమ్మల్ని లాగుతున్న జట్లు రెండో మూడో ఉంటాయి. వాటి గోల్స్ హైలైట్స్ పక్కన పెట్టండి. హైలైట్స్‌లో ప్రతి జట్టూ బాగానే ఉంటుంది. ఒక్కో జట్టు ఓడిపోయిన మ్యాచ్ ఒకటి వెతికి చూడండి. పరాయి మైదానంలో ఓడింది అయితే మరీ మంచిది. మొత్తం చూసే తీరిక లేకపోతే చివరి పావుగంట చూడండి, సౌండ్ మాత్రం తగ్గించకండి. రేడియో కామెంటరీ అలవాటున్న మీకు ఇది ఇంకా తేలిక. కామెంటేటర్ గొంతు వెనకాల హోరు ఉంటుందే, దాన్ని వినండి. స్టేడియంలో ఒక మూల మాత్రమే వచ్చిన జట్టు అభిమానులకి ఇస్తారు. రెండు గోల్స్ వెనకబడి ఉన్నప్పుడు ఆ మూల ఏం చేస్తోంది? పాడుతోందా? సొంత ఆటగాడినే తిట్టిపోస్తోందా? కుర్చీలు ఖాళీ అయ్యాయా? అవతలి జట్టు ఆటగాడి ఒంటి రంగు మీద, కుటుంబం మీద కేకలు వేస్తోందా? అలాంటి కేకలు వినిపిస్తే, ఎన్ని కప్పులున్నా సరే, ఆ జట్టుని వదిలెయ్యమనే నేను చెబుతాను.

విజిల్ పడగానే టీవీ కట్టెయ్యకండి. ఓడిన ఆటగాళ్లు తలవంచుకుని ఆ మూలకి నడిచి వెళ్లి, వచ్చినవాళ్లకి చప్పట్లు కొడతారు. అవతలి నుంచి ఏం తిరిగొస్తుందో చూడండి. ఎవరితో కలిసి ఓడిపోవాలో మీకు అక్కడే తెలిసిపోతుంది.

ఎంచుకున్నాక ఆ జట్టుకి ఒక పూర్తి సీజన్ ఇవ్వండి. యూరప్ లీగులు చాలావరకు ఆగస్టులో మొదలై మే నెలలో ముగుస్తాయి. గోల్స్ కొట్టేవాళ్ల పేర్లు ఎలాగూ వచ్చేస్తాయి, ముందు గోల్‌కీపర్ పేరు, డిఫెండర్ల పేర్లు నేర్చుకోండి. మొదటి పది మ్యాచ్‌ల దాకా పాయింట్ల పట్టిక జోలికి వెళ్లకండి, ఆట చూడండి. మే నెల వచ్చేసరికి మీ మనసు మరో జట్టు మీదకి పోతే మారిపోండి, ఎవరూ ఏమీ అనుకోరు. పదకొండో మ్యాచ్ తరవాత పట్టిక తెరిచినప్పుడు మీ జట్టు అడుగున కనిపించినా, వచ్చే శనివారం మ్యాచ్ ఎన్ని గంటలకని వెతికారనుకోండి, ఇక మారే పని ఉండదు.

నమస్కారం.