టికెట్‌లో రాయని గంటలు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలందరినీ అధ్యక్షులవారు పేరుపేరునా పలకరించేశారు కాబట్టి నేను విషయంలోకి వచ్చేస్తాను. "హైదరాబాదు నుంచి డల్లాస్ ఎంత దూరం, ఎంతసేపు పడుతుంది, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే మనవాళ్లకి చెప్పండి మాస్టారూ" అన్నారు ఆయన.

ఇదిగో, నేను బళ్లో పాఠం చెప్పిన గ్లోబు. హైదరాబాదు మీద ఒక వేలు, డల్లాస్ మీద ఒక వేలు పెట్టి దారం బిగించాను. ఎటు పోయిందో చూడండి. దాదాపు ఉత్తర ధ్రువం పక్కనుంచి! దగ్గర దారి అదే, సుమారు 14,400 కిలోమీటర్లు. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ బృందం, పైలట్లంతా మహిళలే, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఇలాగే ధ్రువం మీదుగా ఎక్కడా ఆగకుండా వచ్చింది.

మనం డల్లాస్ వెళ్లాలంటే మాత్రం నడుమ దిగాలి. దుబాయ్ మీదుగా అయితే అక్కడికి నాలుగు గంటలు, అక్కణ్ణుంచి పదహారు. మారడానికి రెండు కలిపితే ఇరవై రెండు. మరి తెనాలి నుంచి శంషాబాద్‌కి కారులో ఆరేడు గంటలు? ముందుగా వెళ్లి కూర్చునే మూడు గంటలు? అవి టికెట్‌లో ఉండవు.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. మా పిల్లవాడు ప్రేమతోనే, అమ్మకి శ్రమ తగ్గాలని, తక్కువ గంటల టికెట్ చూసి తీశాడు. రెండు విమానాల నడుమ గంటా పది నిమిషాలే. మొదటి విమానం నలభై నిమిషాలు లేటు. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, షుగరు. వీల్‌చైర్ వచ్చేసరికి రెండో విమానం తలుపులు వేసేశారు. రాత్రంతా ఇనుప కుర్చీల్లో కూర్చున్నాం. ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉంది. అన్నం ఎప్పుడు దొరుకుతుందో తెలియక వేసుకోవడానికి భయపడింది. నా చెయ్యి పట్టుకుని "ఇంటికి వెళ్లిపోదామండీ" అంది. ఆ మాట నేను మర్చిపోలేను.

అందుకే అడుగుతున్నాను. మీ పిల్లలకి ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి: నడుమ కనీసం మూడు గంటలు ఉండాలి, గంటలు పెరిగినా ఫర్వాలేదు. వీల్‌చైర్ టికెట్‌తోపాటే రాయించాలి. మందులు పెద్ద పెట్టెలో వద్దు, చేతిసంచిలోనే, డాక్టరు చీటీతో సహా. ఇంకొకటి. డల్లాస్ గడియారం చలికాలంలో మనకన్నా పదకొండున్నర గంటలు వెనక. తెల్లవారుజామున నాలుగింటికి ఎక్కితే అదే రోజు మధ్యాహ్నం దిగుతారు, కానీ ఒంటికి ఇరవై రెండు గంటలు గడిచిపోయాయి. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో బయల్దేరకముందే డాక్టరుని అడిగి రాయించుకోండి. నడుమ మూడు గంటలు, మళ్లీ చెబుతున్నాను, మూడు గంటలు.

టికెట్లు ఇప్పటికే తీసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండమ్మా. టీ తాగాక కాగితాలు తీసుకుని నా దగ్గరికి రండి, ఒక్కొక్కటీ కూర్చుని చూద్దాం.