మొదటి ఎక్స్‌రే ఫిల్ము అడిగి తీసుకోండి

సభకు నమస్కారం. వెనక వాకర్‌తో నిలబడ్డవాళ్లకి ముందు కుర్చీలు వెయ్యండి. ఎత్తువి చూసి వెయ్యండి, తుంటి మార్చినవాళ్లు పల్లపు కుర్చీలో కూర్చోకూడదు.

సిమెంట్ లేని తుంటి కీలు గురించి చెప్పమన్నారు. 1962 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ గారు కృత్రిమ కీలుని ఎముక సిమెంట్‌తో, అంటే గట్టిపడే ముద్దతో, నిలబెట్టే పద్ధతిని ఒక దారికి తెచ్చారు. సిమెంట్ లేనిదాంట్లో టైటానియం స్టెమ్‌ని, అంటే కీలుకుండే కాడని, గొడ్డలికి కామ బిగించినట్టు తొడ ఎముకలోకి దిగగొడతాం. ఆ బిగువు తాత్కాలికమే. స్టెమ్ మీది గరుకు పూతని ఎముక పెరిగి పట్టుకోవాలి, దానికి వారాలు, నెలలు పడుతుంది. ఈలోగా స్టెమ్ 40, 50 మైక్రాన్ల లోపు కదిలితే ఫర్వాలేదు. 150 దాటిందా, ఎముకకి బదులు పీచులాంటి కణజాలం పెరుగుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు!

సోంపేట వైపు నుంచి ఒకాయన వచ్చాడు. సముద్రంలో చేపల వేటకెళ్లే మనిషి, నలభై ఏళ్లుంటాయి. తుంటి బంతికి రక్తం అందక పాడైతే వేరేచోట ఆపరేషన్ చేయించుకున్నాడు. నెల తిరిగేసరికి అడుగేస్తే తొడలో నొప్పి. ఎక్స్‌రే తీస్తే స్టెమ్ కిందికి జారినట్టే ఉంది. మొదటిరోజు ఫిల్ము ఏదమ్మా అంటే, ‘ఫోన్‌లో ఉంది బాబూ’ అంది భార్య. వంకరగా తీసిన ఫొటో, సరిగ్గా స్టెమ్ మీదే ట్యూబులైటు మెరుపు. దాంతో ఏం కొలుస్తాం? ఇంప్లాంటు, అంటే లోపల పెట్టే కీలు, వచ్చే డబ్బాలో కంపెనీ, సైజు, లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పే నంబరు) ఉన్న స్టిక్కర్లు వస్తాయి. డిశ్చార్జి కాగితం మీద అవీ అంటించలేదు.

స్టెమ్ కాస్త జారి ఆగిపోతే చాలాసార్లు ఎముక పట్టుకుంటుంది. జారుతూనే ఉంటే మళ్లీ ఆపరేషనే. ఈ రెంటిలో ఏదో తేల్చడానికి ఆ మనిషిని వాకర్ మీద ఉంచి, మళ్లీ మళ్లీ ఎక్స్‌రేలు తీయాల్సి వచ్చింది. వేట సీజనంతా పడవ ఒడ్డునే ఉండిపోయింది. మొదటి ఫిల్ము ఉంటే ఎంత జారిందో ఆరోజే కొలిచి చెప్పేవాళ్లం. ఆ ఆసుపత్రి పేరు చెప్పను. కానీ ఈ సభలో ఆసుపత్రులు నడిపేవాళ్లున్నారు, చేతులెత్తి అడుగుతున్నాను: ఫిల్మో సీడీయో రోగి చేతికివ్వండి, స్టిక్కర్లు అంటించండి. పదిహేనేళ్ల తర్వాత కీలు మార్చే డాక్టరుకి ఆ స్టిక్కరే ఆధారం.

ఇంకొకటి. ‘అమ్మకి ఎనభై దాటాయి, ఖర్చయినా సరే సిమెంట్ లేనిదే వెయ్యండి’ అంటారు. వద్దు! స్వీడన్‌లో 1979 నుంచీ తుంటి ఆపరేషన్ల లెక్క రాస్తున్నారు. అలాంటి రిజిస్ట్రీలు చూస్తే 75 దాటినవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, సిమెంట్ లేని స్టెమ్ చుట్టూ ఎముక విరగడం ఎక్కువ. వాళ్లకి సిమెంట్ స్టెమ్మే క్షేమం. కిడ్నీ జబ్బు ఎముకనీ బలహీనం చేస్తుంది కాబట్టి, ఉద్దానంలో ఆ జబ్బున్నవాళ్లకైతే వయసు చిన్నదైనా ఎముక బలం చూసే నిర్ణయించాలి.

ఆపరేషన్ అయినవాళ్లు కాగితాలు తెచ్చుంటే సభ అయ్యాక గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టండి. స్టిక్కర్లు లేకపోతే ఎక్కడ చేయించుకున్నారో అక్కడికి ఏం రాసి అడగాలో నేనే రాసిస్తాను.