కప్పు మైదా అంటే ఎంత?

(బెంగళూరు మారతహళ్లిలో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనకాల వరసకు వినిపిస్తోందా? సరే.

ఈ బల్ల మీద రెండు కేకులున్నాయి. ఇందాకటి నుంచి పిల్లలు వాటి చుట్టూనే తిరుగుతున్నారు. రెండూ ఒకే రెసిపీ. ఒకే ఓవెన్, ఒకే మైదా ప్యాకెట్, ఒకే కప్పు. రెండింటిలోనూ రెండేసి కప్పుల మైదా వేశాను, ఒట్టు. అయినా ఎడమ పక్కదాన్ని వేలితో నొక్కితే మళ్లీ పైకి లేస్తుంది. కుడి పక్కది నొక్కితే పొడి రాలుతుంది. ఆ తేడా ఎక్కడిదో చెప్పడానికే మైకు పట్టుకున్నాను. కేకులు కోసేది చివర్లో. ముందే కోస్తే నా మాట వినేవాళ్లుండరు.

నా మొదటి కేక్ సంగతి చెబుతాను. మా ఆడపడుచు డాలస్‌లో ఉంటుంది. మావాడి పుట్టినరోజుకి చాక్లెట్ కేక్ చేద్దామని అడిగితే వాయిస్ మెసేజ్ పెట్టింది. "రెండు కప్పుల మైదా, రెండు కప్పుల పంచదార, ముప్పావు కప్పు కోకో. చాలా ఈజీ వదినా!" నేను అక్షరం పొల్లు పోకుండా చేశాను. మా మావగారు అప్పటికి పళ్లు కట్టించుకుని నెల కూడా కాలేదు. ఒక ముక్క నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించి, "బాగుందమ్మా, కాఫీలో ముంచుకుంటే ఇంకా బాగుంటుంది" అన్నారు.

ఆడపడుచుకి ఫోటో పంపాను. పిండి ఎంత వేశావంది. రెండు కప్పులేనన్నాను. ఎలా తీశావంది. ఎలా తీయడమేమిటి? డబ్బాలో కప్పు ముంచి, గోడకేసి నొక్కి, నిండుగా తీశాను. మనకి ఏదిచ్చినా నిండుగా ఇవ్వడం అలవాటు కదా. తర్వాత ఒక చిన్న తూకం మిషను కొని, అదే పద్ధతిలో రెండు కప్పులు తీసి తూస్తే 298 గ్రాములు. ఆవిడ రెండు కప్పులు 240. అంటే రెసిపీ అడగని అరకప్పు పిండి నేను ఎక్కువ వేశాను. నా దృష్టిలో మాత్రం రెండే కప్పులు.

నమ్మకం కుదరకపోతే ఇప్పుడే చూద్దాం. ముగ్గురు రండి. ఇదిగో డబ్బా, ఇదిగో కప్పు. మీ ఇంట్లో ఎలా తీస్తారో అలాగే తీయండి, ఒకరిని చూసి ఇంకొకరు తీయొద్దు.

(వేదిక మీదకు వచ్చిన ముగ్గురు కొలిచినవి: 121 గ్రాములు, 137 గ్రాములు, 151 గ్రాములు.)

చూశారా? మొదటి ఆవిడ చెంచాతో పోసి పైన గీసేశారు. మూడో ఆయన... మీరు మా అన్నయ్యలా ఉన్నారండీ, కప్పుని బల్లకేసి రెండుసార్లు కొట్టారు. కప్పు మారలేదు, పిండి మారలేదు. చెయ్యి మారింది, 30 గ్రాములు తేడా వచ్చింది.

బేకింగ్ నేర్చుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇంకొకటుంది. "కప్పు అంటే 240 మిల్లీలీటర్లా, 250 మిల్లీలీటర్లా?" రెండూ నిజమే. అమెరికాలో వంటింటి కప్పు దాదాపు 237. ఆహార ప్యాకెట్ల మీద లెక్కకి 240 వాడతారు. ఆస్ట్రేలియాలో 250. జపాన్‌లో 200. మన దగ్గర దొరికే కప్పుల సెట్లు కొన్ని 240, కొన్ని 250. దీని గురించి చాలామంది టెన్షన్ పడతారు. 240కీ 250కీ తేడా నూటికి నాలుగు పాళ్లు. ఇందాక మన ముగ్గురి మధ్య వచ్చిన తేడా నూటికి పాతిక. దొంగ ఎటుపోయాడో వదిలేసి పిల్లి వెంట పరుగెత్తినట్టుంటుంది నాకు.

అసలు కొలపాత్రలు మనకి కొత్తా? మాది తెనాలి పక్కన పల్లె. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. సీమ వాళ్లు పడి, సేరు అంటారు. ఇక్కడ కన్నడం వాళ్లకి పావు, సేరు. తూకాలు వేరే, వీశె, మణుగు. 1956లో చట్టం చేసి, 1958 అక్టోబరు నుంచి దేశంలో మెట్రిక్ తూకాలు తెచ్చారు కానీ, మా అమ్మమ్మ ఇంట్లో ఇత్తడి సోల చివరిదాకా పోలేదు. బియ్యం కొలిచేటప్పుడు "ఒకటి" అనేది కాదు. "లాభం, రెండు, మూడు" అంటూ పోసేది. కూలివాళ్లకి గింజలు కొలిస్తే గోపురంగా పోసేది. మాకు వంటకైతే అరచేత్తో పైన గీసేది. అంటే కొలపాత్ర ఎంతదో ఒక లెక్క, దాన్ని ఎలా నింపావన్నది ఇంకో లెక్క అని ఆవిడకి బాగా తెలుసు. బోస్టన్‌లో ఫానీ ఫార్మర్ అనే వంట టీచరు 1896లో పుస్తకం వేసి, కప్పు నింపాక కత్తితో సమంగా గీయాలని అమెరికా వాళ్లకి పట్టుబట్టి నేర్పారు. మా అమ్మమ్మ కత్తి దాకా పోలేదు.

మరి అమ్మమ్మ సోల లెక్క ఎందుకు తప్పలేదు? రెండు కారణాలు. ఒకటి, బియ్యపు గింజ నొక్కితే నలగదు. మైదా అలా కాదు, అందులో సగం గాలి. జల్లిస్తే పొంగుతుంది, డబ్బాలో నాలుగు రోజులుంటే అణుగుతుంది. రెండు, ఇడ్లీకి ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ అన్నప్పుడు ఆ గ్లాసు స్టీలుదైనా ఇత్తడిదైనా, పెద్దదైనా చిన్నదైనా ఫరవాలేదు. రెండూ అదే గ్లాసుతో పోస్తున్నాం కాబట్టి పాళ్లు చెడవు. కేక్‌లో మైదా కప్పుల్లో, వెన్న ప్యాకెట్లలో, గుడ్లు లెక్కన, కండెన్స్‌డ్ మిల్క్ టిన్నుల్లో వస్తాయి. ఇక్కడ మీ ఇంటి టీ గ్లాసు పనికిరాదు. ఎందుకంటే గ్లాసుని బట్టి కోడి గుడ్డు పెట్టదు కదా.

ఇప్పుడు అసలు లెక్కకొద్దాం. మీ ఇంట్లో నూనె ప్యాకెట్ ఉందా? దాని మీద 1 లీటరు అని, పక్కనే 910 గ్రాములు అని ఉంటుంది. ఈ ఊళ్లో అందరం ఏళ్ల తరబడి చూస్తున్నాం, చదవం. లీటరు నీళ్లు కిలో, లీటరు నూనె కిలో కాదు. ఆ ఒక్క లైనులోనే మన సబ్జెక్టంతా ఉంది. 240 మిల్లీలీటర్ల కప్పులో నీళ్లు 240 గ్రాములు, పాలు 245 దాకా, నూనె 218, తేనె 340. పంచదార 200. మైదా తేలిగ్గా పోసి గీస్తే 120 నుంచి 125. బొంబాయి రవ్వ 165 పైన. కోకో పొడి 85 మాత్రమే. కరగని వెన్న 227. ఇవన్నీ బట్టీ పట్టక్కర్లేదు. మైదా నీళ్లలో సగం, పంచదార నీళ్లకంటే ఆరో వంతు తక్కువ, తేనె నీళ్లకి దాదాపు ఒకటిన్నర. ఈ మూడూ గుర్తుంటే ఎవరైనా "కప్పు మైదా 240 గ్రాములు" అని వాట్సాప్‌లో చార్టు పంపినప్పుడు నవ్వొస్తుంది. ఆ చార్టు మీ గ్రూపులోనూ తిరిగే ఉంటుంది. అది చేసినవాళ్లు మిల్లీలీటర్లనే గ్రాములనేసి, అన్నిటికీ ఒకే నంబరు వేశారు.

వాక్యంలో మాట ఎక్కడుందో కూడా చూడాలి. "ఒక కప్పు జల్లించిన మైదా" అంటే ముందు జల్లించి, తర్వాత కొలవాలి. "ఒక కప్పు మైదా, జల్లించి" అంటే కొలిచాక జల్లించాలి. మొదటిదాంట్లో పిండి తక్కువ పడుతుంది. అయినా దీనికంటే మన ఇళ్లలో ఎక్కువ దెబ్బకొట్టేది పంచదార పొడి. మనం మిక్సీలో వేసుకుంటాం కదా. ఒక కప్పు పంచదారని పొడి చేస్తే అది 200 గ్రాములే, కానీ కప్పున్నర దాటి వస్తుంది. కప్పు పంచదార పొడి కొలిస్తే దాదాపు 120. రెసిపీ చెప్పినావిడ ఏది అనుకుందో మనకి తెలియదు. 80 గ్రాముల పంచదార అంటే చిన్న విషయం కాదు. తీపి ఒక్కటే కాదు, కేక్ మెత్తదనం కూడా పంచదార మీదే ఆధారపడుతుంది. నాకైతే ఎగ్‌లెస్ కేకులు గట్టిపడ్డాయని వచ్చేవాళ్లని మొదట అడిగే ప్రశ్న ఇదే. "పొడి ముందా, కొలత ముందా?"

అమెరికా రెసిపీలో "ఒక స్టిక్ వెన్న" అంటే 113 గ్రాములు. మన దగ్గర చిన్న ప్యాకెట్ 100. స్టిక్కే ప్యాకెట్ అనుకుంటే రెండింటికి 26 గ్రాములు పోయింది. ఔన్సుల్లో ఇంకో మెలిక ఉంది. ఔన్సు బరువుకీ వాడతారు, ద్రవాల కొలతకీ వాడతారు. 8 ఔన్సుల చాక్లెట్ అంటే 227 గ్రాముల బరువు. 8 ఔన్సుల పాలు అంటే ఒక కప్పు.

గుడ్ల దగ్గర కొంచెం ఆగాలి. అమెరికా వాళ్ల "లార్జ్" గుడ్డు పెంకు తీస్తే 50 గ్రాములని లెక్క. మా వీధి చివర కొట్లో కొన్న డజను నేను పగలగొట్టి తూస్తే 42 నుంచి 48 దాకా వచ్చాయి. నాలుగు గుడ్ల కేక్‌లో పాతిక గ్రాములు తక్కువైంది. అప్పుడు ఇంకో గుడ్డు గిలక్కొట్టి అందులో సగం పోస్తాను. మిగిలిన సగం మా ఇంట్లో ఆమ్లెట్‌కి వెళ్తుంది, దాని మీద ఇప్పటిదాకా ఫిర్యాదు రాలేదు.

ఇంతసేపూ తూకం తూకం అన్నాను కదా, ఇప్పుడు తిరగబడతాను. సోడా, బేకింగ్ పౌడర్, ఈస్ట్, ఉప్పు మాత్రం స్పూనుతోనే కొలవండి. మామూలు వంటింటి మిషను ఒక గ్రాము దాకానే చెబుతుంది. మూడు గ్రాములకి ఒక గ్రాము అటూఇటూ అయితే మూడో వంతు తప్పు. పైగా చిటికెడు చిటికెడు వేస్తుంటే కొన్ని మిషన్లు అసలు కదలవు. 5 మిల్లీలీటర్ల కొల స్పూను గీసి వాడటమే అక్కడ నయం. కొల స్పూను అన్నాను, టీ కలుపుకునే స్పూను కాదు. టేబుల్ స్పూను చాలా చోట్ల 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20. కాబట్టి రెసిపీ సిడ్నీ నుంచి వచ్చిందా అని ఒకసారి చూసుకోండి. మన ఊరికి ఇంకో సంగతుంది. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. ఇక్కడ గాలి ఒత్తిడి కాస్త తక్కువ కాబట్టి కేక్ త్వరగా పొంగి కుంగే వీలుంది. చెన్నైలో ఉండే మా పిన్ని రెసిపీ నేను చేస్తే బేకింగ్ పౌడర్ స్పూను నిండా కాకుండా కొంచెం తగ్గిస్తాను.

మిషను కొనేవాళ్లకి ఒక మాట. ఖరీదైనది అక్కర్లేదు, గిన్నె పెట్టాక సున్నా చేసే బటన్ ఉంటే చాలు. గిన్నె పెట్టి సున్నా, మైదా 240 పోసి సున్నా, పంచదార 400 పోసి సున్నా. కప్పులు కడిగే పని తప్పుతుంది. నాకు తూకం మీద ప్రేమ పుట్టింది నిజానికి అందుకే. మిషను సరిగా ఉందో లేదో అనుమానం వస్తే, పర్సులోంచి రెండు రంగుల పది రూపాయల నాణేలు పది తీసి పెట్టండి. ఒక్కోటి 7.71 గ్రాములు, పదీ కలిపి 77 చూపించాలి. నేను మొదట ఆన్‌లైన్‌లో తెప్పించిన మిషను 83 చూపించింది. వాపసు చేస్తానంటే, అది నాణేల కోసం చేసింది కాదన్నారు.

చివరిగా మీ చేతిలో ఉన్న పాత రెసిపీలు. అమ్మ రాసిచ్చినవో, పక్కింటావిడ చెప్పినవో. వాటిని చార్టు చూసి గ్రాముల్లోకి మార్చకండి. అమ్మ కప్పు 240 కాదు, అమ్మ చెయ్యి అమెరికా చెయ్యీ కాదు. ఈసారి అమ్మ వచ్చినప్పుడు కేకో, నానఖటాయో ఆవిడనే చేయమనండి. ఆవిడ ఎప్పట్లా తన గ్లాసుతో తీసి గిన్నెలో పోస్తుంది. గిన్నె కింద మిషను పెట్టి, ప్రతిసారీ అంకె రాసుకోండి. మా అత్తగారి బిస్కెట్లకి అలాగే చేశాను. ఆవిడ "రెండు గ్లాసుల మైదా" అన్నది మూడు సార్లు తూస్తే 331, 334, 329 వచ్చింది. నలభై ఏళ్లుగా ఒకే గ్లాసు, ఒకే చెయ్యి. ఆవిడకి మిషను అవసరం లేదు. నాకే ఉంది, నాకు ఆ చెయ్యి లేదు కాబట్టి.

ఈ ఊళ్లో బేకరీకి మంచి చరిత్ర ఉంది. చిక్‌పేటలో 1898లో మొదలైన బి.బి. బేకరీతో అయ్యంగార్ బేకరీల పేరు వీధివీధికీ పాకింది. ఖారా బన్ తినకుండా ఇక్కడ సాయంత్రం గడిచినవాళ్లు ఈ హాల్లో ఉన్నారనుకోను. బ్రెడ్డు వృత్తిగా చేసేవాళ్లు కప్పుల మాటే ఎత్తరు. పిండి బరువుని నూరు అనుకుని మిగతావన్నీ నూటికి ఇంత అని చెప్పుకుంటారు. ఉప్పు నూటికి రెండంటే, కిలో పిండికి 20 గ్రాములు. నీళ్లు నూటికి అరవై అంటే 600. కిలో చేసినా బస్తా చేసినా అదే మాట. ఈ ఊళ్లో ఆటో నుంచి ఆఫీసు దాకా "స్వల్ప అడ్జస్ట్ మాడి", కాస్త సర్దుకోండి అంటే పని జరిగిపోతుంది. ఓవెన్‌కి మాత్రం ఆ కన్నడం రాదు.

సరే, కత్తి ఇటివ్వండి. ఎడమ పక్కది 240 గ్రాములు, కుడి పక్కది 300. పిల్లలకి ఎడమ పక్కది ముందు పెట్టండి. కుడి పక్కది తినేవాళ్లకి ఫ్లాస్కులో కాఫీ ఉంది, మా మావగారు చెప్పిన పద్ధతిలో కానివ్వండి.